ఎత్తని ఫోనూ, బండ వేషమూ

గంగమ్మ తల్లి మీద ఒట్టు పెట్టి చెప్తా ఉన్నాను, ఇక్కడ రాయబోయే ప్రతి మాటా నిజం. తిరుపతిలో నన్ను ఎరిగినవాళ్లు ఈ వాక్యం కాడికి వచ్చేసరికే నవ్వుతారని తెలుసు. నవ్వనీ. కోతలు కోసే ఎచ్చులోడు అనే పేరు నాకు ఊరికినే రాలేదు. వానాకాలంలో ఒక మేఘం కొండ దిగొచ్చి, దారి తప్పి, మా లాడ్జీ పై అంతస్తు కిటికీలో నుంచి లోపలికి దూరిందనీ, నేను దాన్ని దిండు గలీబులో పట్టి మూతి కట్టినాననీ యాత్రికులకు చెప్పింది నేనే. వాళ్లలో ఒకాయన పడుకునేదానికి ఆ దిండే కావాలని పట్టుబట్టినాడు. అది వేరే కత. ఇది మాత్రం జరిగింది జరిగినట్టు.

నేను లాడ్జీలో మేనేజర్ని. మేనేజరంటే పెద్ద మాట. కౌంటరు వెనక కూర్చోని ఫోన్లు ఎత్తేవాణ్ణి. "రూములు ఉండాయా?" అని తెలుగులో, అరవంలో, కన్నడంలో, వచ్చీరాని హిందీలో అడుగుతారు. అందరికీ బదులు చెప్తాను. అన్నం తింటా ఉన్నా ఎడం చేత్తో ఎత్తుతాను. రూములు లేకపోతే ఎత్తి, లేవని చెప్తాను. మోగే ఫోన్ని మోగనిచ్చి దాని మొగం చూస్తా కూర్చోడమనేది నా జన్మలో లేదు. ఇది ముందే ఎందుకు చెప్తా ఉన్నానంటే, ఎవరన్నా నా ఫోను ఎత్తకపోతే నాకు ఎక్కడ కాల్తాదో మీకు తెలియాలని.

ఎత్తనోడు నా చిన్నప్పటి సావాసగాడు. గంగమ్మ గుడి పక్క సందులో ఎదురెదురు ఇళ్లల్లో పెరిగినాము. వాడిప్పుడు కొండ బస్సు డ్రైవరు. ఎక్కడం, దిగడం, మళ్లా ఎక్కడం, మళ్లా దిగడం. వాడు ఆ బస్సులో నేను ఈ లాడ్జీలో పడి, వారాల తరబడి మొగాలు చూసుకోకపోయినా మాకేం బాధ లేదు. కానీ మా ఇద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండాది. జాతరలో బండ వేషం ఇద్దరం కలిసి కట్టాల.

బయటి ఊళ్లవాళ్ల కోసం కొంచెం చెప్తాను. ఎండాకాలంలో మా ఊర్లో గంగమ్మకు జాతర చేస్తారు. ఒక్కో రోజు ఒక్కో వేషం. బండ వేషం రోజు ఒళ్లంతా కుంకుమ పూసుకోని, వేపమండలు పట్టుకోని, వీధుల్లో పోతా ఎదురైనోళ్లను నోటికొచ్చినట్టు తిట్టాల. తిట్టొచ్చు అని కాదు, తిట్టాల్సిందే. అది మొక్కు. తిట్లు తిన్నోళ్లు కోపం చేసుకోకూడదు, ఎదురు చెప్పకూడదు, చేతులెత్తి మొక్కాల. కారు దిగకుండా మాట్లాడే పెద్దమనిషి కూడా ఆ పొద్దు కారు దిగి, చొక్కాకి కుంకుమ అంటినా పట్టించుకోకుండా, తలొంచుకోని బూతులు తింటాడు. తిని, పిల్లకాయల్ని కూడా ముందుకు తోస్తాడు, "వీణ్ణి కూడా తిట్టండి సామీ" అని. సంవత్సరమంతా యాత్రికులకు "సార్, సార్" అని నోరు పడిపోయిన ఊరికి ఆ పొద్దు మళ్లా నోరొస్తాది.

కుంకుమ నూనెలో కలిపి పూసుకోవాల. చేతులకీ, పొట్టకీ, మొగానికీ ఎవరికి వాళ్లు పూసుకోవచ్చు. వీపుకి ఎట్లా? వాడి వీపు నేను, నా వీపు వాడు. మీసాలు రాకముందు నుంచీ అదే లెక్క.

మొన్నటి జాతర దగ్గిర పడతా ఉంటే వాడికి ఫోను చేసినాను. రింగు పోయింది. ఎత్తలేదు. ఘాట్లో ఉంటాడులే అనుకున్నాను. మలుపు మీద మలుపు తిప్పే మనిషి ఒక చేత్తో ఫోను పట్టుకుంటే బస్సు ఏమై పోవాల? మధ్యాన్నం చేసినాను. ఎత్తలేదు. అన్నం తిని కునుకు తీస్తా ఉంటాడు అనుకున్నాను. సాయంత్రం చేసినాను. మర్నాడు చేసినాను. వాడి తరఫున నేనే సాకులు కట్టీ కట్టీ, ఇంక కొత్త సాకు దొరక్క, వాడి ఫోన్ని కోతి ఎత్తుకోని పోయిందని కూడా అనుకున్నాను. కొండ మీద అది జరగని పని కాదు. అయితే ఆ కోతి తెల్లారేసరికి నాకు వాట్సాప్‌లో గులాబీ పువ్వు బొమ్మ పెట్టి "శుభోదయం" అని పంపింది.

మా ఇంటామె నా చేతిలో నుంచి ఫోను లాక్కోని ఆ పువ్వుని చూసింది.

"ఏమయ్యా, ఇది నీకు పంపినాడా, ఊరందరికీ పంపినాడా?"

"నాక్కూడా పంపినాడు కదా."

"ఊరందరితో పాటు."

"అందర్లో నేను ఉండాను కదమ్మే. తీసెయ్యలేదు కదా."

"నీయంత మొండోణ్ణి నేను చూళ్లేదు. నిన్ను తప్పించుకుంటా ఉండాడు. చంటిబిడ్డకి కూడా అర్థమవతాది."

"చంటిబిడ్డలకు సావాసగాళ్లు ఉండరు. వాళ్లకేం తెలుసు?"

వాడి భార్యకు చేసినాను. ఆయమ్మ మంచిది, మొదటి రింగుకే ఎత్తుతాది. "అన్నా, ఆయప్ప నీళ్లు పోసుకుంటా ఉండాడు" అనింది. మళ్లా ఇంకోసారి చేస్తే "ఇప్పుడే బాత్రూములోకి పోయినాడన్నా." ఆదివారం చేస్తే "తలకు పోసుకుంటా ఉండాడన్నా, ఆలస్యం అవతాది." మా ఊరికి వచ్చే నీళ్లన్నీ ఎక్కడికి పోతా ఉండాయో ఆ పొద్దు తెలిసింది నాకు. నేను అడిగినాను: "అమ్మా, బయటికి వచ్చినాక నేను చేసినానని చెప్తావా?" ఆయమ్మ "చెప్తానన్నా" అనింది, శానా మెల్లిగా. అబద్ధం చెప్పడం చేతగాని మనుషుల గొంతు అది. ఆ విద్యలో ఆరితేరినోణ్ణి కాబట్టి నాకు తెలుస్తాది.

అయినా నేను ఒప్పుకోలేదు. పరీక్ష పెట్టినాను. లాడ్జీ ల్యాండ్‌లైను నుంచి వాడి నంబరు కొట్టినాను. గుండె మీద చెయ్యి పెట్టుకోని చెప్తా ఉన్నాను, రెండో రింగు పూర్తి కాలేదు.

"హలో, ఎవరు మాట్లాడేది?" అన్నాడు.

వాడే. ఆ గొంతే. వెనక ఎవరో "సీటు మీద టవలు వేసినాను కదప్పా!" అని అరుస్తా ఉండారు. నేను నోరు తెరిచినాను. మేఘాన్ని దిండు గలీబులో కట్టిన నోరు. దాంట్లో నుంచి వచ్చింది మాత్రం కౌంటరు మాట:

"సార్, రూములు కావాల్నా?"

"నేను ఈ ఊరోణ్ణే సామీ, నాకు రూమెందుకు?" అని పెట్టేసినాడు.

ఇంటికొచ్చి చెప్తే మా ఇంటామె నడుం మీద చెయ్యి పెట్టుకోని "ఇంకేం సాక్ష్యం కావాల నీకు?" అనింది. నేను చెప్పినాను: ల్యాండ్‌లైను నంబరు చూసి ఏ ఆఫీసో అనుకోని ఎత్తుంటాడు. ఆఫీసు ఫోనుకి భయపడి ఎత్తుతాడు. నాకు భయపడడు కాబట్టి ఎత్తడు. భయం లేని చోట చనువు ఉంటాది. అంటే నేను వాడికి అంత దగ్గిర మనిషి. మా ఇంటామె ఈ వాదన మొత్తం విని, సంగటి గిన్నె నా ముందర పెట్టి, "తిను" అనింది.

ఇంటికి పొయ్యి అడిగితే సరిపోదా అని మీరు అడగొచ్చు. నా కాలు కిందపెడితే వాడి ఇల్లు వస్తాది. కానీ ఇంటికి పోతే కాఫీ ఇస్తారు. చక్కెర సరిపోయిందా అని అడుగుతారు. పిల్లోళ్లు ఎట్లుండారని అడుగుతారు. కాఫీ తాగిన నోటితో "నన్నెందుకు వదిలించుకుంటా ఉండావురా?" అని ఎవరు అడగ్గలరు? మర్యాద మధ్యలోకి వచ్చిందంటే నిజం వెనక వాకిట్లో నుంచి పారిపోతాది. నాకు మర్యాద అక్కర్లేని చోటు కావాల. అట్లాంటి చోటు మా ఊర్లో సంవత్సరానికి ఒక్కసారే వస్తాది.

చాటింపు పడింది. డప్పు కొట్టి జాతర మొదలైందని ఊరంతా చెప్పినాక, ఊర్లో మనిషి ఊరు దాటి పొయ్యి ఇంకో ఊర్లో నిద్ర చెయ్యకూడదు. అది అమ్మవారి ఆన. పగలు వాడు కొండకి పోతే పోనీ, రాత్రికి దిగాల్సిందే. ఫోన్లో నన్ను తప్పించుకోవచ్చు. గంగమ్మ గీసిన గీతకి ఇద్దరం ఒకే వైపు ఉండాము. యాడికి పోతాడు?

బండ వేషం పొద్దున నా వీపుకి మా ఇంటామె పూసింది. ప్రేమగా ఏం కాదు, గోడకు సున్నం కొట్టినట్టు.

"ఇంత వయసొచ్చి, మనవళ్లను ఎత్తుకునే కాలంలో, ఒకడు ఫోనెత్తలేదని ఒళ్లంతా కుంకుమ పూసుకోని వీధుల్లో పడే మొగోణ్ణి నిన్నే చూసినాను."

"మొక్కు కోసం పోతా ఉండాను."

"గంగమ్మకి కూడా తెలుసు నువ్వు ఎందుకు పోతా ఉండావో. సరే, దొరికితే ఏమడుగుతావు?"

"ఎందుకు ఎత్తలేదురా అని అడుగుతాను. నోటికొచ్చింది తిడతాను."

"తిట్లు తిన్నోడు బదులు చెప్పకూడదు కదా. మొక్కి గమ్మునుండాల."

"ఆఁ, అవును."

"మరి నీకు జవాబు ఎట్లొస్తాది?"

నేను ఆ సంగతి ఆలోచించలేదు. అయినా వేపమండ చేత పట్టుకోని బయటపడినాను. కుంకుమ పూసుకున్నాక వెనక్కి తిరిగేది లేదు. దాన్ని కడుక్కోవడమే సగం పూట పని.

వీధులు ఎర్రగా ఉండాయి. వేషం కట్టినోళ్లు గుంపులు గుంపులుగా గుడి వైపు పోతా ఉండారు. డప్పులు చెవులు చిల్లులు పడేట్టు మోగుతా ఉండాయి. ఇళ్ల ముందర ఆడోళ్లు బిందెలతో నీళ్లు తెచ్చి మా కాళ్ల మీద పోస్తా ఉండారు. రాగి అంబలి గ్లాసులు చేతికిస్తా ఉండారు. నేను దారి పొడుగునా అలవాటు కొద్దీ నలుగుర్ని తిట్టినాను గానీ అవి సరదా తిట్లు. అసలు సరుకు దాచి పెట్టుకున్నాను.

గుడికి ఇవతల మలుపులో కనపడినాడు.

కుంకుమ పూసుకుంటే మొగం తెలియదు. ఎర్రటి మొగంలో రెండు కళ్లు, పళ్లు, అంతే. కానీ నడక ఎట్లా దాస్తారు? క్లచ్చి తొక్కీ తొక్కీ వాడి ఎడమ కాలు కొంచెం బరువుగా పడతాది. స్టీరింగు తిప్పీ తిప్పీ భుజాలు ముందుకొచ్చినాయి. ఆ కాలూ ఆ భుజాలూ గుంపులో ముందర పోతా ఉండాయి. నేను లేకుండా వేషం కట్టినాడు! వీపంతా కుంకుమ ఉండాది. ఎవడు పూసినాడు? జనాన్ని తోసుకుంటా పొయ్యి వాడి ముందర నిలబడినాను.

"ఆగరా!" అన్నాను. "నీ చెవుల్లో కందిరీగలు గూడు పెట్ట! నీ చార్జరుకు చెదలు పట్ట! నీ ఫోను పేడలో పడి, పేడ మాట్లాడ! రింగు పోతా ఉంటే చూస్తా కూర్చుంటావా? మనిషివా, మైలురాయివా? మా పేరు కనపడితే చెయ్యికి రాచపుండు వస్తాదా నీకు? ఊళ్లో అందరి ఫోన్లూ ఎత్తి, మాది ఎత్తేసరికి నీళ్లు పోసుకునేదానికి పోతావా? నువ్వు పోసుకునే నీళ్లలో మొసళ్లు తిరగ!"

ఇవి రాసేదానికి వీలైన తిట్లు. మధ్యలో వచ్చినవి రాయను. డప్పులు కొట్టేవాళ్లు కూడా కొట్టడం ఆపి విన్నారు. చుట్టూ జనం నవ్వుతా మొక్కుతా ఉండారు. వాడు మాత్రం తలొంచుకోని, చేతులు జోడించుకోని, పద్ధతిగా నిలబడినాడు. నా ఊపిరి అయిపోయినాక తల ఎత్తినాడు.

"బావా," అన్నాడు. "తప్పయిపోయింది బావా. అక్క పంపిందా నిన్ను?"

ఆ గొంతు నాకు తెలియదు. దగ్గిరగా చూస్తే కళ్లూ తెలియవు. నా సావాసగాడికి పై పళ్ల మధ్య సందు ఉంటాది. ఈయనకు లేదు.

ఎదురు చెప్పకూడదనే పద్ధతిని ఈయన తప్పినాడు గానీ, భయం పద్ధతుల్ని చూడదు. చెప్పుకుంటా పోయినాడు. వాళ్ల కూతురి పెళ్లికి నగరిలో ఉండే అక్కకి పత్రిక వాట్సాప్‌లో పంపినాడంట. పసుపూ కుంకుమా తీసుకోని ఇంటికి పొయ్యి పిలవకుండా, ఫోటో తీసి పంపినాడు. అక్క అప్పట్నుంచీ ఫోను మీద ఫోను. ఈయన ఎత్తేదానికి జడిసి, ఎత్తకుండా రోజులు గడిపి, ఎత్తనందుకు ఇంకా జడిసి, ఇప్పుడు అక్క తన మొగుడికి బండ వేషం కట్టించి తిట్టించేదానికి పంపిందనుకున్నాడు.

"నేను మీ బావను కాదు సామీ," అన్నాను.

"ఎవరైతే ఏం, అమ్మవారు పలికించింది," అన్నాడు. ఎర్రటి చేతిని నడుం గుడ్డలో పెట్టి ఫోను బయటికి తీసినాడు. అద్దమంతా కుంకుమ అంటినా, దాని మీదనే వేలు గీసి గీసి అక్కకి చేసినాడు. నేను ప్రమాణం చేసి చెప్తా ఉన్నాను, ఆయమ్మ మొదటి రింగుకే ఎత్తింది. స్పీకరు పెట్టినాడు, డప్పుల్లో వినపడదని.

"వచ్చిందా ఇప్పటికి నీకు చెయ్యి?" అని మొదలుపెట్టిందా తల్లి. నేను ఏళ్ల తరబడి వేషం కడతా ఉండాను, ఆ తిట్లలో పావు వంతు కూడా నాకు రావు. నగరి మగ్గాల శబ్దాన్ని దాటి వినపడేదానికి పెరిగిన గొంతు. వీధి వీధంతా వినింది. ముందర నిలబడినోళ్లు ఫోను వైపు తిరిగి చేతులు జోడించి మొక్కినారు. ఒక ముసలామె ఆ ఫోను మీద వేపాకు వేసింది. తిట్టి తిట్టి, ఆయమ్మ ఊపిరి తీసుకోని, "పొద్దున్నే ఏమన్నా తిన్నావా, లేకపోతే ఖాళీ కడుపుతోనే తిరగతా ఉండావా?" అనింది. అంత పెద్ద మనిషి "అంబలి తాగినానక్కా" అని చిన్న పిల్లోడి మాదిరి చెప్పినాడు. ఆ గుంపులో ఇంకా ఎంతమంది ఎవరెవరి ఫోన్లు ఎత్తకుండా ఉండారో ఏమో, నడుం గుడ్డల్లో చేతులు పెట్టి ఫోన్లు తీసినోళ్లు నాకు కనపడినారు.

నేను పక్కకి జరిగి నిలబడినాను. నా తిట్లు వేరే ఇంటికి పోయినాయి. పోనీ. ఎవరికో ఒకరికి పనికొచ్చినాయి.

"అంతసేపు ఎవుర్ని తిడతా ఉండావురా?"

వెనక్కి తిరిగితే వాడు. కుంకుమ లేదు, వేపాకు లేదు. ఖాకీ చొక్కా, చేతిలో క్యారియరు. డ్యూటీకి పోతా ఉండాడు. పళ్ల మధ్య సందు కనపడేట్టు నవ్వుతా ఉండాడు.

"నిన్నే," అన్నాను.

"నేను ఈడ ఉండాను కదా."

"నాకెట్లా తెలుస్తాది? నువ్వు ఫోనెత్తితే కదా నువ్వు యాడ ఉండేది తెలిసేది!"

వాడు నవ్వడం ఆపినాడు. క్యారియరు ఈ చేతిలో నుంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఎత్తలేదు," అన్నాడు. "చూసి చూసే ఎత్తలేదు. ఇప్పుడు తిట్టు."

"ఎందుకని?"

"ఈ తూరి నేను వేషం కట్టకూడదు అనుకున్నాను. చిత్తూరు వియ్యంకుడు ఉండాడు కదా, బళ్లో అయ్యవారు. 'బావగారూ, మీరు కూడా ఆ బూతుల వేషం కట్టి తిరగతారంట కదా' అని నలుగురిలో నవ్వినాడు. మా పాప మర్నాడే అత్తింటి నుంచి ఫోను చేసి 'నాయనా, ఈ ఒక్క ఏడు వద్దు నాయనా' అనింది. సరే అన్నాను."

"ఆ మాట నాకు చెప్పేదానికేం?"

"నీకు చెప్తే నువ్వు ఊరుకుంటావా? వియ్యంకుడికి కూడా కుంకుమ పూసి వీధిలో నిలబెట్టేదాకా మాట్లాడతావు. నీ నోటితో నేను యాపొద్దు గెలిచినాను? ఎత్తినానంటే ఒప్పుకుంటాను. పాపకి ఇచ్చిన మాట పోతాది. నిన్ను తప్పించుకోలేదప్పా. నీ నోటిని తప్పించుకున్నాను."

"ఆ రెండూ ఒక్క మనిషికే ఉండాయి కదరా."

"అదే నా కష్టం," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. కోపం కూడా పోలేదు. "సరే, వేషం కట్టొద్దు," అన్నాను. "తిట్టించుకునేదానికి వియ్యంకుడి అనుమతి అక్కర్లేదు కదా?" వాడు క్యారియరు కింద పెట్టి, ఖాకీ చొక్కా సర్దుకోని, చేతులు జోడించి తల వంచినాడు. నేను మొదలుపెట్టినాను. కందిరీగల నుంచి మొసళ్ల దాకా మళ్లా అన్నీ, ఈ తూరి సరైన చెవులకి. వాడు బస్సుకి ఆలస్యమయ్యేదాకా నిలబడి విన్నాడు.

ఇక్కడ ఆపేస్తే బాగుంటాది. మా ఇంటామెకు చెప్పినప్పుడు ఇక్కడే ఆపినాను. లాడ్జీలో వాచ్‌మన్‌కు చెప్పినప్పుడూ ఇక్కడే. కానీ ఒట్టేసి మొదలుపెట్టిన సంగతి కాబట్టి, ఏది నాదో ఏది జరిగిందో విడగొట్టి చెప్పాల.

ఎర్రటి మనిషి నిజం. మీరు అది అబద్ధం అనుకోనుంటారు. వాట్సాప్ పత్రిక నిజం, నగరి అక్క నిజం, వేపాకు వేసిన ముసలామె నిజం. నేను ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఆ ముసలామెను పుట్టించలేను.

వాడు రాలేదు.

నేను వెనక్కి తిరిగినాను, అది నిజం. వెనక బొరుగులమ్మే బండి ఉండాది. ఖాకీ చొక్కా నేను తొడిగినాను. క్యారియరు నేను ఇచ్చినాను. వియ్యంకుడు చిత్తూరులో అయ్యవారే, కానీ ఆయన ఏమన్నాడో, అసలు ఏమన్నా అన్నాడో లేదో నాకు తెలియదు. పెళ్లిలో ఒక్కసారి చూసినాను, మర్యాదస్తుడు మాదిరే ఉండాడు. ఆయన మీద ఆ నవ్వు నేను పెట్టినాను. క్షమించాల. "నీ నోటిని తప్పించుకున్నాను" అనే మాట కూడా వాడిది కాదు, నాదే. నన్ను వదిలించుకునే మనిషి ఏమంటే నేను తట్టుకోగలనో ఆలోచించి, ఆ మాట వాడి నోట్లో పెట్టినాను. దానికి గుడి నుంచి ఇంటికి నడిచినంత సేపు పట్టింది. ఇంట్లో అడుగుపెట్టగానే "కనపడినాడా?" అని అడిగింది మా ఇంటామె. "కనపడినాడు" అన్నాను. అంతా చెప్పినాను. ఆమె నా వీపు తోముతా వినింది. నమ్మిందో లేదో చెప్పలేదు. నీళ్లు మాత్రం వేడిగా పెట్టింది.

అయితే ఏమంట? ఇప్పుడు మీరు కూడా "వదిలెయ్, తప్పించుకుంటా ఉండాడు" అంటారు. ఉండొచ్చు. నేను వియ్యంకుణ్ణి కట్టినట్టు, మీరు కూడా ఏదో ఒక కారణం కట్టగలరు, నాకన్నా చెడ్డది. కట్టుకోండి. ఎత్తకపోవడం వాడి హక్కయితే చెయ్యడం నా హక్కు. వాడు నా మొగం మీద "చెయ్యొద్దు" అని చెప్పినాడా? చెప్పలేదు. చెప్పాలంటే ఫోనెత్తాల కదా! అందుకని నాకు సిగ్గు లేదు, సిగ్గుపడాల్సిన పని నేను ఏదీ చెయ్యలేదు. సావాసం ఇద్దరి మధ్య ఉంటాది అంటారు. ఒకరు చెయ్యి వదిలినాక రెండోవాడు పట్టుకోని నిలబడితే అది తెగిపోయినట్టు ఎట్లా అవతాది? సగం ఉండాది. సగం సావాసాన్ని నేను మోస్తాను, నాకేం బరువు లేదు. అలసిపోతే ఆ పొద్దు చూస్తాను.

ఈ పేరా రాసేముందు కౌంటరు కాడ కూర్చోని వాడికి చేసినాను. ల్యాండ్‌లైనులో కాదు, నా నంబరు నుంచే, నా పేరు కనపడేట్టు. పూర్తిగా మోగింది. ఎత్తలేదు. ఎవరో యాత్రికులు వచ్చి రూములు అడిగినారు. ఉండాయని చెప్పినాను. వాళ్లు సామాను పైకి తీసుకోని పోయినాక మళ్లా చేసినాను.